చంకలో గ్రంథులు ఎన్ని తీయాలి? రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌పై పాఠకుల ప్రశ్నలు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అనగానే ఇంట్లో అందరి ధ్యాసా రొమ్ము మీదే ఉంటుంది. తీసేస్తారా, ఉంచుతారా అనే అడుగుతారు. చంక సంగతి ఆ తర్వాతెప్పుడో గుర్తొస్తుంది, చెయ్యి పైకి లేవనప్పుడో, జాకెట్టు చెయ్యి బిగుసుకున్నప్పుడో. అడగాల్సింది మాత్రం ఆపరేషన్‌కి ముందే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చంక గ్రంథుల గురించినవాటిని ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్ళు. ఎడమ రొమ్ములో రెండున్నర సెంటీమీటర్ల కణితి, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. చంకలో చేతికి ఏమీ తగలట్లేదు, స్కానింగ్‌లోనూ ఏమీ లేదన్నారు. ఒక డాక్టరేమో చంక మొత్తం శుభ్రం చేసేస్తే భయం ఉండదంటున్నారు. ఇంకొకరు నీలం మందు ఎక్కించి రెండు మూడు గ్రంథులు తీసి చూస్తే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి? (ఖమ్మం)

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి రెండో డాక్టర్ చెప్పిందే సరైన దారి.

చంకలోని కొవ్వులో ఇరవై ముప్పై దాకా లింఫ్ గ్రంథులుంటాయి. కాలికో చేతికో పుండు పడితే ‘బిళ్ళ కట్టింది’ అంటామే, ఆ బిళ్ళలు ఈ జాతివే. రొమ్ములోని లింఫు ద్రవంలో ఎక్కువ భాగం చంక వైపే పారుతుంది. ఛాతీ మీదుండే చిన్న కండరాన్ని ఆనవాలుగా పెట్టుకుని సర్జన్లు వీటిని మూడు అంచెలుగా చూస్తారు. కండరానికి బయటివైపు, కింద ఉన్నవి లెవెల్ 1. వెనకున్నవి లెవెల్ 2. లోపలివైపు, కాలరు ఎముకకు దగ్గరగా ఉన్నవి లెవెల్ 3. ‘చంక శుభ్రం చేయడం’ అంటే సాధారణంగా లెవెల్ 1, 2 గ్రంథుల్ని వాటి చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీసేయడం.

ఒకప్పుడు అందరికీ ఇదే చేసేవారు. రొమ్ము, కండరాలు, చంక అన్నీ కలిపి తీసేస్తే క్యాన్సర్‌ను వేళ్ళతో పెకలించినట్టేనని 19వ శతాబ్దం చివర్లో అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ నమ్మారు. ఆ నమ్మకాన్ని అమెరికాకే చెందిన సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ బృందం 1971లో మొదలుపెట్టిన బీ-04 అధ్యయనంతో పరీక్షకు పెట్టింది. చంకలో గడ్డ తగలని 1,079 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చంకతో సహా తీశారు, రెండో గుంపుకు రొమ్ము తీసి చంకకు రేడియేషన్ ఇచ్చారు, మూడో గుంపుకు రొమ్ము మాత్రమే తీసి చంకను ముట్టుకోలేదు. మొదటి గుంపులో దాదాపు 40 శాతం మంది గ్రంథుల్లో క్యాన్సర్ కనిపించింది. మూడో గుంపులోనూ అంతమందికి ఉండే ఉండాలి కదా! కానీ తర్వాతి కాలంలో చంకలో బయటపడింది 365 మందిలో 68 మందికే. 25 ఏళ్ళ తర్వాత చూసినా మూడు గుంపుల్లోనూ ఆయుష్షులో తేడా లేదు.

కాబట్టి చంకలోని గ్రంథి ముఖ్యంగా సమాచారం చెప్పేది. జబ్బు ఎంత దూరం వచ్చిందో, కీమో, రేడియేషన్ ఎంత కావాలో అది చెబుతుంది. ఆ సమాచారం కోసం ఇరవై గ్రంథులూ తీయనక్కర్లేదు. కాలువ కింద మొదటి మడి తడవనిదే రెండో మడికి నీళ్ళు చేరవు. అలాగే రొమ్ము నుంచి వచ్చే లింఫు ముందుగా ఒకటి రెండు గ్రంథులకే చేరుతుంది. అవే సెంటినెల్ గ్రంథులు, కాపలా గ్రంథులనుకోండి. నీలం మందుతో వెతికి తీసేది వీటినే. వాటిలో క్యాన్సర్ లేకపోతే మిగతావాటిని ముట్టుకోరు. 5,611 మంది మీద జరిగిన బీ-32 అధ్యయనం 2010లో దీన్ని ఖాయం చేసింది. సెంటినెల్‌లో ఏమీ లేదని తేలాక చంక తీసినా తీయకపోయినా ఆయుష్షు ఒకటే. ఈ పరీక్షకూ పొరపాటు ఉంది. ఆ అధ్యయనంలో చంకలో క్యాన్సర్ ఉన్నవారిలో 9.8 శాతం మందికి సెంటినెల్ ‘లేదు’ అని తప్పు చెప్పింది. అయినా ఆయుష్షు తగ్గలేదు. మిగిలిన చిన్న జబ్బును రేడియేషన్, మందులు చూసుకుంటాయి.

చంక మొత్తం తీస్తే ప్రతి ఐదుగురిలో ఒకరికి చెయ్యి శాశ్వతంగా వాచే అవకాశం ఉంది. సెంటినెల్‌తో ఆపితే అది ఇరవైమందిలో ఒకరికి. ‘భయం ఉండదు’ అన్న మాటకు అమ్మ చెల్లించే ధర ఇదీ.

ఒక్కటి మాత్రం చూసుకోండి. స్కానింగ్‌లో చంకను విడిగా, జాగ్రత్తగా చూశారా? గ్రంథి అంచు పొర 3 మిల్లీమీటర్లకు మించి మందంగా ఉన్నా, మధ్యలో తెల్లగా కనిపించాల్సిన కొవ్వు మాయమైనా, చిక్కుడు గింజలా ఉండాల్సింది గుండ్రంగా మారినా సూదితో నమూనా తీసి చూడాలి.

ప్రశ్న: ఆ నీలం మందు ఎలా ఎక్కిస్తారు? మా అక్కకు చేశాక మూత్రం పచ్చనీలంగా వస్తే హడలిపోయాం. ఇప్పుడు మా వదినకు చేయాలంటున్నారు. ఆమె డిప్రెషన్‌కు ఎస్సిటాలోప్రామ్ వాడుతోంది. (విజయనగరం)

జవాబు: మన దగ్గర ఎక్కువగా వాడేది మిథిలీన్ బ్లూ. చవక, అన్నిచోట్లా దొరుకుతుంది. మత్తు ఇచ్చాక చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం కింద 2 నుంచి 5 మిల్లీలీటర్లు ఇచ్చి, చంక వైపుగా ఐదు నిమిషాలు మర్దన చేస్తారు. తర్వాత చంకలో చిన్న కోత పెడితే కొవ్వులో దారప్పోగులాంటి నీలం గీత కనిపిస్తుంది. దాన్ని తెగిపోకుండా పట్టుకుని వెళ్తే నీలం పట్టిన గ్రంథి దొరుకుతుంది. నీలం పట్టిన ప్రతి గ్రంథినీ తీస్తారు. రంగు లేకపోయినా వేలికి గట్టిగా తగిలినదాన్ని తీసి తీరాలి. ఎందుకంటే గ్రంథి నిండా క్యాన్సర్ ఉంటే రంగు లోపలికి దూరదు. కొత్త చేతులు తప్పు చేసేది ఇక్కడే.

పెద్ద ఆసుపత్రుల్లో టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు కూడా ఇచ్చి, గామా ప్రోబ్ అనే పరికరంతో శబ్దాన్ని బట్టి వెతుకుతారు. దాని శక్తి ఆరు గంటలకు సగమవుతుంది, ఇంట్లోవాళ్ళు భయపడాల్సిన పని లేదు. ఐసీజీ అనే ఆకుపచ్చ రంగును ప్రత్యేక కెమెరాతో చూసే పద్ధతి కూడా వచ్చింది. రెండు పద్ధతులు కలిపితే గ్రంథి దొరక్కపోవడం, తప్పుగా ‘లేదు’ అని రావడం తగ్గుతాయి. ఈ పరికరాలేవీ లేనిచోట లెవెల్ 1 కింది భాగాన్ని, పై చేతికి స్పర్శనిచ్చే మొదటి నరం కిందున్న కొవ్వును గ్రంథులతో సహా తీసి చూసే పద్ధతి ఉంది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి దాన్ని సెంటినెల్‌తో పోల్చి పరిశీలించింది, ఫలితం దీటుగానే వచ్చింది. పరికరం లేదన్న ఒక్క కారణంతో చంక మొత్తం తీయాల్సిన అవసరం లేదన్నమాట.

మూత్రం ఒకటి రెండు రోజులు పచ్చనీలంగా రావడం మామూలే. రొమ్ము మీద నీలి మచ్చ కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. మందును చర్మం పైపొరలోకి ఇస్తే మాత్రం అక్కడి చర్మం కుళ్ళే ప్రమాదం ఉంది, అందుకే లోతుగా ఇస్తారు. ఆపరేషన్ బల్ల మీద వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు కాసేపు తక్కువ అంకె చూపిస్తుంది. అది రంగు వల్ల వచ్చిన తప్పు లెక్క.

మీ వదినగారి విషయం ముఖ్యమైనది. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లుయోక్సెటిన్ లాంటి మందులతో మిథిలీన్ బ్లూ కలిస్తే సెరొటోనిన్ అతిగా పెరిగి జ్వరం, వణుకు, గందరగోళం రావచ్చు. మత్తు డాక్టర్‌కూ సర్జన్‌కూ మందు చీటీ చూపించి, వేరే రంగు వాడమని అడగండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. గర్భిణులకు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవారికి కూడా ఈ మందు వాడరు.

ప్రశ్న: నాకు రొమ్ము ఉంచి కణితి మాత్రం తీశారు. రిపోర్టులో ‘సెంటినెల్ 1/3, 4 మి.మీ.’ అని వచ్చింది. మళ్ళీ ఆపరేషన్ చేసి చంక తీయించుకోవాలా? (సికింద్రాబాద్)

జవాబు: మూడు గ్రంథులు తీస్తే ఒకదాన్లో నాలుగు మిల్లీమీటర్ల క్యాన్సర్ మచ్చ ఉందని అర్థం. ముందు ఈ కొలత సంగతి. 0.2 మిల్లీమీటర్ల లోపుంటే విడి కణాలు, వాటిని లెక్కలోకి తీసుకోరు. 0.2 నుంచి 2 దాకా సూక్ష్మవ్యాప్తి, దానికీ చంక తీయరు. 2 దాటితేనే పెద్ద వ్యాప్తి, మీది అది.

దానికి కూడా రెండో ఆపరేషన్ అవసరం లేదని జెడ్0011 అధ్యయనం చూపించింది. కణితి 5 సెంటీమీటర్ల లోపు, ముందుగా కీమో తీసుకోలేదు, రొమ్ము ఉంచే ఆపరేషన్, ఆ తర్వాత రొమ్ము మొత్తానికి రేడియేషన్, సెంటినెల్‌లో ఒకటి లేదా రెండు గ్రంథుల్లోనే క్యాన్సర్. ఈ షరతులకు సరిపోయిన 891 మందిని తీసుకున్నారు. చంక తీసినవారిలో 27 శాతం మందికి ఇంకా కొన్ని గ్రంథుల్లో జబ్బు ఉంది. అంటే తీయనివారిలోనూ అంతమందికి మిగిలిపోయినట్టే. అయినా పదేళ్ళకు బతికున్నవారు చంక తీయని గుంపులో 86.3 శాతం, తీసిన గుంపులో 83.6 శాతం.

మీరు ఈ షరతులన్నిటికీ సరిపోతే రెండో ఆపరేషన్ వద్దు. కానీ ‘కరెంటు’ ఎగ్గొట్టకూడదు. ఊరు దూరమనో, ఆరు వారాలు ఎవరింట్లో ఉండాలనో రేడియేషన్ మానేసేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. చంక తీయకుండా వదిలిన ధైర్యమంతా దాని మీదే నిలబడి ఉంది. ఇప్పుడు చాలామందికి మూడు వారాల కోర్సు కూడా ఇస్తున్నారు, అది మీకు కుదురుతుందేమో అడగండి.

రొమ్ము మొత్తం తీసినవారికి? వాళ్ళకు చంకకు రేడియేషన్ ఇచ్చి ఆపరేషన్ మానుకోవచ్చు. అమారోస్ అధ్యయనంలో ఐదేళ్ళకు చంకలో జబ్బు తిరగబెట్టింది ఆపరేషన్ గుంపులో 0.43 శాతం, రేడియేషన్ గుంపులో 1.19 శాతం. రెండూ తక్కువే. చేతి వాపు మాత్రం ఆపరేషన్ గుంపులో 23 శాతం, రేడియేషన్ గుంపులో 11 శాతం.

ప్రశ్న: మా ఆవిడకు చంకలో గడ్డ ఉంటే సూది పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది. హెర్2 పాజిటివ్ అని ముందు కీమో మొదలుపెట్టారు. నాలుగు సైకిళ్ళకే గడ్డ కరిగిపోయింది. ఇప్పుడు కూడా చంక తీయాలా? (గుంటూరు)

జవాబు: ఇక్కడ తొందరపడితే రెండువైపులా నష్టమే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం.

చేతికి తగలకపోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరు. కానీ హెర్2 పాజిటివ్ జబ్బులో, అంటే క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ అతిగా ఉన్న రకంలో, సరైన మందులు పడితే సగానికి పైగా రోగుల్లో చంక గ్రంథులు నిజంగానే శుభ్రపడతాయి. అలా శుభ్రపడిన చంకను మొత్తం తీయడం అన్యాయం. శుభ్రపడిందో లేదో తెలుసుకోవడమే కష్టం. కీమో తర్వాత లింఫు దారులు కొన్ని మచ్చకట్టి మూసుకుంటాయి. రంగు పాతదారి వదిలి పక్క గ్రంథికి పోవచ్చు. జబ్బు ఒక గ్రంథిలో మిగిలితే మనం ఇంకో గ్రంథిని తీసి ‘ఏమీ లేదు’ అనుకునే ప్రమాదం ఉంది. జెడ్1071 అధ్యయనంలో ఈ తప్పు 12.6 శాతం. ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గిందన్నదే అసలు విషయం. రెండే గ్రంథులు తీసినచోట 21 శాతం, మూడు లేదా ఎక్కువ తీసినచోట 9 శాతం. మొదట్లో జబ్బున్న గ్రంథిలో చిన్న లోహపు క్లిప్పు పెట్టి ఉంచి, ఆపరేషన్‌లో అదే గ్రంథి సెంటినెల్‌గా దొరికినచోట 6.8 శాతం.

అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లు ఇంకో అడుగు వేశారు. క్లిప్పు పెట్టిన గ్రంథిని గురిచూసి తీస్తూ, దాంతోపాటు సెంటినెల్ గ్రంథుల్ని కూడా తీశారు. తప్పు 2 శాతానికి పడిపోయింది. వాళ్ళు గమనించింది ఇంకొకటి కూడా ఉంది. క్లిప్పున్న గ్రంథి దాదాపు నాలుగోవంతు మందిలో సెంటినెల్ గ్రంథుల్లో లేనే లేదు. రంగును మాత్రమే నమ్ముకుంటే జబ్బున్న అసలు గ్రంథి లోపలే మిగిలిపోతుంది.

క్లిప్పు పెట్టాల్సింది కీమోకి ముందు, ఆలస్యమైతే మొదటి సైకిల్ దాటకముందే. గడ్డ కరిగాక ఏది జబ్బు గ్రంథో స్కానింగ్‌లో తెలియదు. మీరు నాలుగు సైకిళ్ళ దాకా వచ్చారు కాబట్టి సూది పరీక్ష చేసినప్పుడు క్లిప్పు పెట్టారా అని ఇవాళే అడగండి. పెట్టి ఉంటే ఆపరేషన్ రోజు స్కానింగ్ కింద సన్నటి తీగతో గుర్తుపెట్టి తీస్తారు. తీసిన గ్రంథిని అక్కడికక్కడే ఎక్స్‌రే తీసి, క్లిప్పు అందులో ఉందో లేదో చూడాలి. క్లిప్పు పెట్టకపోతే రంగు, రేడియోధార్మిక మందు లాంటి రెండు పద్ధతులు కలిపి వాడి కనీసం మూడు గ్రంథులు తీయగల ఆసుపత్రిలో చేయించండి. రంగు ఒక్కటే వాడి, ఒక్క గ్రంథి తీసి, ‘లేదు’ అంటే ఒప్పుకోవద్దు.

తీసిన గ్రంథుల్లో జబ్బు ఇంకా మిగిలి ఉంటే చంక మొత్తం తీయడమే నేటికీ ప్రామాణిక పద్ధతి. ఆ సమాచారం వృథా పోదు, తర్వాత ఇచ్చే మందు మారుతుంది. కీమోకి ముందే గ్రంథులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నా, రొమ్ము ఎర్రగా వాచిపోయే రకం క్యాన్సర్ అయినా ఈ మినహాయింపులు వర్తించవు. వాళ్ళకు చంక తీయాల్సిందే.

ప్రశ్న: చంక మొత్తం తీశామన్నారు. రిపోర్టులో మాత్రం ‘0/6’ అని ఉంది. (కర్నూలు)

జవాబు: లెవెల్ 1, 2 పూర్తిగా తీస్తే కనీసం పది గ్రంథులు లెక్కకు రావాలి. ఆరే వస్తే మొదట ల్యాబులో అడగండి, తీసిన కొవ్వు మిగిలి ఉంటే మళ్ళీ వెతుకుతారు. చాలాసార్లు ఇంకొన్ని దొరుకుతాయి. కీమో ముందుగా తీసుకున్నవారికి గ్రంథులు ముడుచుకుపోతాయి కాబట్టి అంకె తగ్గడం సహజం.

ప్రశ్న: ఆపరేషన్ అయి పది రోజులు. డ్రెయిన్ ఇంకా తీయలేదు. చెయ్యి లోపలివైపు మొద్దుబారింది, చంక నుంచి మోచేతి దాకా తాడు బిగించినట్టుంది. (నిజామాబాద్)

జవాబు: డ్రెయిన్ అంటే గాయంలో చేరే ద్రవాన్ని బయటికి తెచ్చే ట్యూబు. దాని డబ్బాలో 24 గంటలకు వచ్చింది కొలిచి, రోజూ ఒకే వేళకు రాసిపెట్టండి. వరసగా రెండు రోజులు 30 మిల్లీలీటర్ల లోపు వస్తే తీస్తారు. ఒకటి రెండు వారాలు పట్టడం మామూలే. ట్యూబు తీశాక చంకలో నీళ్ళబుడ్డలా ఉబ్బితే సూదితో తీస్తారు, ఇంట్లో పిండొద్దు. ఎరుపు, జ్వరం, చీము వాసన ఉంటే ఆ రోజే వెళ్ళాలి.

మొద్దుబారడం చంకను దాటి చేతికి పోయే చర్మపు నరం తెగితేనో సాగితేనో వస్తుంది. కొంత తగ్గుతుంది, కొందరికి ఎప్పటికీ ఉండిపోతుంది. బలానికేమీ లోటు రాదు. అయితే రెండు చేతులతో గోడను నెట్టినప్పుడు వెనక రెక్క ఎముక ఒకవైపు పైకి లేస్తుంటే అది వేరే నరం దెబ్బ, సర్జన్‌కు చెప్పాలి.

తాడులా తగిలేది గట్టిపడిన లింఫు నాళం. ప్రమాదం లేదు, మెల్లగా సాగదీస్తుంటే కొన్ని వారాల్లో పోతుంది. కదిపితే తెగుతుందని చేతిని కడుపుకు అదిమిపెట్టుకుంటేనే చిక్కు. మొదటి రోజు నుంచే పిడికిలి బిగించి వదలడం, మోచెయ్యి మడవడం, తల దువ్వుకోవడం చేయాలి. డ్రెయిన్ ఉన్నంతకాలం భుజం ఎత్తుకు మించి ఎత్తొద్దు. తీశాక గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకుతూ, అందిన ఎత్తున సుద్దముక్కతో గీత పెట్టండి. రోజూ ఆ గీతను దాటాలి. రేడియేషన్ బల్ల మీద చెయ్యి తల పైకి ఎత్తి కదలకుండా పడుకోవాలి. అది చేతకాకపోతే చికిత్సే వెనక్కి పోతుంది.

ప్రశ్న: మా అమ్మమ్మకు 76. చిన్న కణితి, హార్మోన్ పాజిటివ్. సెంటినెల్ కూడా అవసరమా? (రాజమహేంద్రవరం)

జవాబు: హార్మోన్ పాజిటివ్ అంటే హార్మోన్లతో పెరిగే రకం. దాంతోపాటు హెర్2 నెగటివ్ అయి, చంక స్కానింగ్‌లో ఏమీ లేకపోతే 70 దాటినవారికి మానుకోవచ్చు. అమెరికా క్యాన్సర్ సర్జన్ల సంఘం 2016లోనే ఈ మాట చెప్పింది. ఫలితం ఏదైనా ఆమె వేసుకోబోయే హార్మోన్ మాత్ర మారదు. 2023లో వెలువడిన సౌండ్ అధ్యయనం ఇంకా చిన్న వయసువారిలోనూ, 2 సెంటీమీటర్ల లోపు కణితులకు, ఇదే దారి చూపింది.

ప్రశ్న: నాకు రెండేళ్ళ క్రితం కుడి చంక తీశారు. వచ్చే నెల అమ్మాయికి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళాలి. విమానమెక్కితే చెయ్యి వాస్తుందంటున్నారు. ఆ చేతికి బీపీ కూడా చూడనివ్వట్లేదు. (హనుమకొండ)

జవాబు: మన ఊళ్ళలో బోదకాలు ఎందుకొస్తుందో అందరికీ తెలుసు. లింఫు దారి పాడైతే ద్రవం వెనక్కి నిలిచి వాపు వస్తుంది. చంక తీశాక చేతికి జరిగేది అదే, పురుగు బదులు కత్తి, రేడియేషన్. అయితే ఆ దారిని ఏది ఎక్కువ చెడగొడుతుందన్న విషయంలో పాత సలహాలు చాలావరకు నిలబడలేదు. బోస్టన్‌లో 632 మంది చేతుల్ని ఏళ్ళ తరబడి కొలిచి 2016లో ప్రచురించారు. రక్తం తీయడానికీ, ఇంజెక్షన్‌కీ, బీపీకీ, విమాన ప్రయాణానికీ వాపుతో సంబంధం కనిపించలేదు. సంబంధం ఉన్నవి వేరే: చంక మొత్తం తీయడం, చంకకు రేడియేషన్, అధిక బరువు, చేతికి చీము జ్వరం రావడం. ఇంకో చెయ్యి ఉంటే అక్కడే బీపీ చూపించుకోండి. కుదరకపోతే భయపడొద్దు.

ఇప్పుడు వాపు లేకపోతే విమానంలో స్లీవ్ (చేతిని అదిమి ఉంచే బిగుతు తొడుగు) అవసరం లేదు. ఇప్పటికే వాపు ఉంటే కొలత తీసి కుట్టించిన 20–30 మి.మీ. (పాదరసం) పీడనం ఉన్న స్లీవ్ వేసుకుని వెళ్ళండి. బజారులో దొరికే ఏదో క్రేప్ బ్యాండేజీ చుడితే మణికట్టు దగ్గర బిగిసి వేళ్ళు వాస్తాయి. గాజులు కూడా అంతే, కాస్త వదులుగా ఉండాలి. గంటకోసారి లేచి చెయ్యి ఆడించండి. అసలు జాగ్రత్త పెట్టె దగ్గర. పచ్చళ్ళు, పొడులు నింపిన 23 కిలోల పెట్టెను బెల్టు మీంచి ఒక్క కుదుపుతో లాగొద్దు, పక్కవారి సాయం అడగండి. బరువు మోయడమే నిషేధం కాదు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ బరువులెత్తిన స్త్రీలకు వాపు పెరగలేదని 2009 నాటి అధ్యయనం ఉంది. అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడితేనే ఇబ్బంది. మనవణ్ణి ఎత్తుకోవడం, కాళ్ళ మీద వేసుకుని స్నానం పోయడం వారం పదిరోజుల్లో నెమ్మదిగా అలవాటు చేసుకోవచ్చు.

బయల్దేరే ముందు రెండు చేతుల్నీ టేపుతో కొలవండి: మణికట్టు దగ్గర, మోచేతికి 10 సెంటీమీటర్ల కింద, 10 సెంటీమీటర్ల పైన. కుడిచేతివాటం వారికి కుడిచెయ్యి కాస్త లావుగానే ఉంటుంది కాబట్టి తేడాను రాసి ఉంచుకోవాలి. అక్కడికి వెళ్ళాక అదే చోట్లలో తేడా 2 సెంటీమీటర్లు పెరిగినా, జాకెట్టు చెయ్యి గుర్తులు పడేలా బిగిసినా అక్కడే ఫిజియోథెరపీకి వెళ్ళండి, తిరిగొచ్చేదాకా ఆగొద్దు. మొదట్లో పట్టుకుంటే వాపు చాలావరకు లొంగుతుంది. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్. మర్దనలు, స్లీవ్ పక్కన పెట్టి అదే రోజు యాంటీబయోటిక్ మొదలుపెట్టాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బు వివరం దాచొద్దు. మీ పాథాలజీ రిపోర్టు, రేడియేషన్ చీటీ ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి.